ఆముదం చేన్లో పడిన విమానం

ఆకాశాన్ని అరచేతిలో పెట్టుకున్న వీరుల కథ చెప్పబోతున్నాను. ఇందులో గర్జించే యంత్రం ఉంది, లెక్కకు అందని శత్రుసేన ఉంది, శత్రువు చేతికి చిక్కిన బందీ ఉంది, ఒక ముసలితల్లి ఆశీర్వాదం కూడా ఉంది. బుర్రకథ వాళ్ళ చేతిలో పడితే వారం రోజులు లాగగల సరుకు.

ఇలా మొదలుపెడితే నాలుగు పేజీలన్నా చదువుతారని నా ఆశ. అసలు సంగతేమిటంటే, తిన్నగా పోవాల్సిన ఒక విమానం ఎడమపక్కకు పోయింది. అంతే. శత్రుసేన అంటే గొంగళిపురుగులు. బందీ అయింది విమానం. కథ చాలావరకు నేలమీదే నడుస్తుంది. ఆకాశం కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే దిగిపోతే నేనేమీ అనుకోను.

నేను విమానాల పని నుంచి రిటైరైనవాణ్ణి. వయసు ముప్పై నిండలేదు. విశ్రాంతి ఇచ్చింది కంపెనీ, తీసుకోవడం మాత్రమే నా వంతు. అయినా ప్రొద్దుటూరులో మా వీధి కుర్రాళ్ళు పాలిటెక్నిక్కులో సీటు రాగానే నా దగ్గరికొచ్చి, "అన్నా, విమానం అనుభవాలు చెప్పు" అని చుట్టూ కూర్చుంటారు. వాళ్ళకూ నాకూ పదేళ్ళ తేడా కూడా లేదు, కానీ నన్ను చూసే చూపులో నా నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. చదివి బాగుపడతారని కాదు, మళ్ళీ మళ్ళీ అడగకుండా ఉంటారని.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. ఆఫీసుల బోర్డుల మీద కొత్త పేరు రంగు ఇంకా వాసన కొడుతూనే ఉంది. మద్రాసులో ఒక చిన్న కంపెనీ ఉండేది. పైర్ల మీద విమానంతో పొడిమందు చల్లడం దాని పని. ఉన్నది ఒకే విమానం. అమెరికావాళ్ళు యుద్ధానికని చేసుకుని, యుద్ధం అయిపోయాక ఏం చేసుకోవాలో తెలియక అమ్మేసింది. వెనక సీటు పీకేసి, ఆ చోట మందు పోసే పెద్ద తొట్టి పెట్టారు. నా ఉద్యోగం పేరు అసిస్టెంట్ గ్రౌండ్ ఇంజనీరు. పెళ్ళిసంబంధాల వాళ్ళకు ఇంతవరకే చెప్పేవాళ్ళం. పని మాత్రం మూతికి గుడ్డ కట్టుకుని మందు మూటలు తొట్టిలోకి ఎత్తిపోయడం.

నా పైన ఒక మేస్త్రీ. జమ్మలమడుగు సాయిబు. బస్సుల ఇంజన్లు విప్పి బిగించిన చేయి. లోకంలో ఏ బండి చెడినా దానికి కారణం టైరే అని ఆయన సిద్ధాంతం. మేస్త్రీ పైన విమానం నడిపే కెప్టెన్ గారు. కోస్తా మనిషి, కాకినాడ వైపు. తోలు టోపీ, కళ్ళద్దాలు, మెడలో తెల్ల సిల్కు గుడ్డ. చదువుకున్నవాడు, మంచివాడు, భోజనానికి ముందు కూడా ఇంగ్లీషులో ఒక ముక్క అనుకునేవాడు. ఆయన విమానం నేర్చుకున్నది ఇంగ్లీషువాళ్ళ విమానం మీద. ఈ అమెరికాది మద్రాసులో వెడల్పాటి రన్‌వే మీద నాలుగుసార్లు ఎక్కి దిగారు. తొట్టి అప్పుడు ఖాళీ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

పులివెందుల నుంచి సింహాద్రిపురం పోయే దారిలో ఒక పల్లె. ఆ ఏడు ఎర్ర గొంగళిపురుగు పడింది. మావాళ్ళు కంబళిపురుగు అంటారు. ఒక చేను తినేసి, ఊరేగింపుగా గట్టు దాటి, పక్క చేను మొదలుపెడతాయి. వాటికి తొందర ఉండదు. రైతులు చేల చుట్టూ కాలవలు తవ్వి, అందులో పడినవాటిని కుండలకెత్తి కాలుస్తున్నారు. ఎన్ని కాల్చినా ఊరేగింపు ఆగలేదు.

విమానానికి దిగే చోటు కావాలన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఒకాయన వచ్చాడు. ఆయన్ని రైతు మామ అంటాను, నేను అప్పుడు పిలిచింది కూడా మామా అనే. వెన్ను తీసి పాలు పడుతున్న కొర్ర చేను పచ్చిమీదే కోసి ఎద్దులకు వేసేశాడు. ఆ నేలమీద రాతిగుండు లాగించి, చదును చేసి, విమానానికి బాట వేసి ఇచ్చాడు. దానికి ఒకటే షరతు: మందు ముందు తన శెనక్కాయ చేనికి పడాలి. ఆయనకున్నదల్లా ఆ రెండు చేలే. కొర్ర చేతులారా కోసేసుకున్నాడు. మిగిలిన శెనక్కాయ చేన్లో ఒక మూల అప్పటికే ఆకు లేదు, కాడలు నిలబడి ఉన్నాయి. విమానం లేస్తే ఒక పంటన్నా దక్కుతుంది. లేవకపోతే రెండూ పోయినట్టే.

ముందురోజే విమానం ఖాళీ తొట్టితో మద్రాసు నుంచి వచ్చి ఆ బాట మీద దిగింది. మొదటిరోజు తెల్లవారేసరికే బండ్లు కట్టుకుని జనం దిగారు. వీరపునాయునిపల్లె నుంచి కూడా వచ్చారు. ఎవరో టెంకాయ కొట్టారు. నీళ్ళు మేస్త్రీ చొక్కా మీద పడ్డాయి.

కుర్రాళ్ళకు ఇక్కడ కొంచెం చదువు చెప్పాలి. ఆ రకం విమానానికి రెండు చక్రాలు ముందు, ఒక చిన్న చక్రం తోక కింద. నేలమీద ఉన్నప్పుడు ముక్కు పైకి, తోక కిందికి. నడిపేవాడికి ఎదురుగా ఇంజను తప్ప ఏమీ కనిపించదు. నేలమీద అటూ ఇటూ తిప్పేది చేతులతో కాదు, కాళ్ళతో. రెండు పెడళ్ళు ఉంటాయి. తోకలోని చుక్కాని వాటి చేతిలో, అంటే కాళ్ళ చేతిలో ఉంటుంది. కుడి పెడల్ తొక్కితే ముక్కు కుడికి, ఎడమది తొక్కితే ఎడమకు. ఇందులో అర్థంకానిది ఏమీ లేదని మీకు అనిపిస్తుంది. కెప్టెన్ గారికీ అలాగే అనిపించింది.

నేను విమానం ముక్కుకున్న పంకా పట్టి తిప్పాను. ఇంజను అందుకుంది. తలపాగాలు లేచిపోయాయి. కెప్టెన్ గారు చెయ్యి ఊపారు, జనం చేతులు ఊపారు. విమానం కదిలింది. పరుగెత్తింది. కొంచెం ఎడమకు ఒరిగింది. ఇంకొంచెం ఒరిగింది. ఆ తర్వాత మొహమాటం మానేసి, బాట వదిలి, గట్టు ఎక్కి దిగి, పక్కనున్న ఆముదం చేన్లో సగం దూరం పోయి ఆగింది. ఇంజను ఆగిపోయింది. పంకాకు ఆముదపు ఆకులు వేలాడుతున్నాయి.

నేను ముందుగా చేరాను. కెప్టెన్ గారు సీట్లోనే నిటారుగా కూర్చుని ఉన్నారు.

"దిగుతారా సార్?"

"దిగడమేవిటోయ్? ఎక్కడ దిగాం?"

"అదే సార్. ఎగిరితే గదా."

అంతలో ఆ చేను ఆసామి వచ్చాడు. ఆయనకూ రైతు మామకూ మధ్య ఏళ్ళ కిందట గట్టు తగాదా వచ్చింది. అప్పటినుంచి మాటల్లేవు. ఒకరి పేరు ఒకరి ఇంట్లో ఎత్తరు. ఆసామి విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. రెక్కలు చూశాడు. తోక చూశాడు. తిరిగి ముందుకొచ్చి పంకా చూశాడు.

"ఎవునిది ఈ గొడ్డు?" అన్నాడు.

"గొడ్డు కాదప్పా, విమానం," అన్నాను.

"నా చేన్లో పడి మేసింది ఏదైనా గొడ్డే. సూడు, మూతికి ఇంకా ఆకు అంటుకోనుండాది."

జనంలోంచి రైతు మామ ముందుకొచ్చాడు. ఆసామి వైపు చూడకుండా, నా వైపు చూసి అన్నాడు: "నేనేమన్నా తోలినానా? దానంతట అదే పోయింది."

ఆసామి కూడా నన్నే చూసి అన్నాడు: "ఎవుని గొడ్డయినా దానంతట అదే వస్తాది. అందుకే పెద్దోళ్ళు పలుపు కనిపెట్టినారు."

ఇద్దరి మధ్య నేను పోస్టాఫీసునయ్యాను.

ఆసామి బండి దగ్గరికి పోయి పలుపుతాడు తెచ్చాడు. ఒక కొస తోక చక్రానికి, ఇంకో కొస గట్టు మీది తుమ్మచెట్టుకు కట్టాడు. చేన్లో పడిన పశువుకు చేసే మర్యాద ఏదీ తక్కువ చెయ్యలేదు. ముడి లాగి చూసుకుని, "బందెలదొడ్డికి తోలిస్తాండా," అన్నాడు.

బందెలదొడ్డి అంటే పరాయి చేలల్లో పడిన పశువుల్ని కట్టేసే సర్కారు దొడ్డి. సొంతదారు వచ్చి విడిపించుకునేదాకా అక్కడే ఉండాలి.

కెప్టెన్ గారు అప్పటికి కిందికి దిగారు. "ఏవిటండీ ఈ అన్యాయం? ఇది ప్రజాసేవ!"

"సారూ, మీరు తోలేటోళ్ళు. మీతో నాకేం పనిల్యా. గొడ్డు ఎవునిదో వాడు రావల్ల."

"కంపెనీ మద్రాసులో ఉందయ్యా!"

"రానీ. అంతవరకు దీనికి నీళ్ళు నేను పెడతాలే."

"అప్పా," అన్నాను, "దొడ్డి గేట్లో రెక్కలు పట్టవు."

ఆయన ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. "ఊడబెరికి తోల్దాం," అన్నాడు.

మేస్త్రీ ఈలోగా నేలమీద పడుకుని ఎడమ టైరు నొక్కి చూస్తున్నాడు. "నేను చెప్పల్యా? గాలి తక్కువుండాది."

పొద్దెక్కుతున్నది. జనానికి ఆకాశంలో ఎగిరే విమానం కంటే కట్టేసిన విమానం ఎక్కువ నచ్చింది. ఇంటికి పోయి ముసలివాళ్ళను కూడా పిలుచుకొచ్చారు. అలా వచ్చినవాళ్ళలో రైతు మామ తల్లి కూడా ఉంది, మేమంతా అవ్వా అనే పిలిచేవాళ్ళం. చేతిలో పురుగులు ఏరే కుండ అలాగే ఉంది. ఆమె ఎవరినీ పోస్టాఫీసు చేసుకోలేదు. నేరుగా ఆసామి ముందుకు పోయి కుండ మూత తీసింది.

"రేయ్, ఇవి నా శెనక్కాయ అయిపోయినాక యాడికి పోతాయనుకుంటాండావు? మద్దరాసుకా?"

ఆసామి కుండలోకి చూశాడు.

"నీ ఆముదాల్లోకే వస్తాయి. అప్పుడు ఎవుని గొడ్డని కట్టేస్తావు?"

ఆసామి మూత అందుకుని కుండ మీద పెట్టాడు. పోయి ముడి విప్పాడు. తాడు చుట్టుకుంటూ నాతో అన్నాడు: "ఆమెకు చెప్పు, విప్పింది ఆమె కోసరం కాదని."

విమానాన్ని రెండు జతల ఎద్దులతో వెనక్కి లాగించాం. రెక్కలకు ఏమీ కాలేదు. ఆకులు ఏరి, పంకా తుడిచేసరికి ఎండ మండిపోతున్నది. ఆ రోజు పోయింది. పురుగులు మాత్రం పని ఆపలేదు. సాయంత్రానికి మామ చేన్లో ఇంకో నాలుగు సాళ్ళు కాడలైపోయాయి. ఆయన ఆ సాళ్ళ పక్కన కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను పోయి ఏదో హాస్యమాడబోయాను. "అప్పా, రేపు లేస్తాదా లేదా? అది చెప్పు సాలు," అన్నాడు. నేను పోయి రేపటి మూటలు లెక్కపెట్టుకున్నాను.

ఆ సాయంత్రం మామ వసారాలో విచారణ జరిగింది. విమానం ఎందుకు ఎడమకు పోయింది? మేస్త్రీది టైరు. మామది నేల వాలు. అవ్వది దిష్టి. ఆసామిది పక్కిల్లే, గోడ అవతలినుంచి వింటున్నాడని అందరికీ తెలుసు. ఆయన దృష్టిలో అది కుట్ర. కెప్టెన్ గారు అందరి మాటా విని, తెల్ల గుడ్డ సర్దుకుని, అసలు కారణాలు చెప్పారు. నేను కాలేజీలో చదవని భౌతికశాస్త్రం ఆ వసారాలో విన్నాను. ఆయన చెప్పింది అక్షరం కూడా తప్పు కాదు, అదే విషాదం.

అవ్వ ఒక మూల జొన్నలు విసురుతూ ఉంది. గుడ్డపట్టా మీద కూర్చుని విసుర్రాయి తిప్పుతుంటే, రాయి ఇటు తిరిగేకొద్దీ ఆమె పట్టా అటు జరుగుతూ పోతున్నది. జరగకుండా కాలు చాపి గోడకు ఆనించింది.

"చూశారా? అదండీ సంగతి," అన్నారు కెప్టెన్ గారు. "తిప్పేదాన్ని తిరిగేది ఎదురు తోస్తుంది. మన ఇంజను పంకాను కుడికి తిప్పుతుంది. కాబట్టి విమానం ఒళ్ళు ఎడమకు ఒరగాలని చూస్తుంది. అలా ఒరిగితే ఎడమ చక్రం మీద బరువు ఎక్కువ పడి, అది వెనక్కి పట్టుకుంటుంది. ముక్కు ఎడమకు పోతుంది. ఇది ఒకటి."

"ఇంకా ఉండాయా?" అన్నాడు మామ.

"పంకా వెనక గాలి తిన్నగా పోదండీ. మరమేకు చుట్లలా మెలితిరుగుతూ పోయి, తోక పలకను ఎడమ పక్కన కొడుతుంది. తోక కుడికి పోతే ముక్కు ఎటు పోతుంది?"

"ఎడమకే పోతాది. ఇంకా?"

"నేలమీద ఉన్నప్పుడు ముక్కు పైకెత్తి ఉంటుంది కదా. అందువల్ల పంకాలో కిందికి దిగే రెక్క గాలిని ఎక్కువ పట్టి లాగుతుంది. దిగేది కుడిపక్కన. పైకి లేచేది ఎడమపక్కన, అది తక్కువ లాగుతుంది."

మామ మొహం విప్పారింది. "అట్ల చెప్పండి సారూ! వలపటెద్దు గట్టిగా లాగుతాంది, దాపటెద్దు దొంగపని చేస్తాంది. బండి దాపటికే పోతాది మరి."

"సరిగ్గా అదే! కుడిది లాగుతోంది, ఎడమది తప్పించుకుంటోంది!"

"అయితే ఆ దాపట రెక్కను ముల్లుకర్రతో పొడిస్తే సరి."

కెప్టెన్ గారు వేలితో గాల్లో సున్నా చుట్టారు. "రెండూ ఒకటే రెక్కండీ. కుడిపక్కన దిగిందే ఎడమపక్కకు పోయి లేస్తుంది."

"ఒకే ఎద్దు రెండుపక్కలా? అయితే దానికి పొగరు," అన్నాడు మామ. దాంతో మూడో కారణం పూర్తయింది.

నాలుగోదానికి మేస్త్రీ సైకిలు ముందుచక్రం విప్పించారు. గట్టిగా తిప్పి, ఇరుసు రెండు కొసలూ మామ చేతికిచ్చి, "ఇప్పుడు పక్కకు వంచండి" అన్నారు. మామ వంచాడు. చక్రం చెప్పినట్టు వంగకుండా ఇంకో దిక్కుకు మెలిపెట్టుకుని, ఆయన మణికట్లు తిప్పేసింది. మామ దాన్ని వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"యా అల్లా! నా చక్రం!" అన్నాడు మేస్త్రీ.

"సైతాను ఉండాది దీంట్లో," అన్నాడు మామ.

"తిరిగే చక్రం గుణమే అదండీ. ఒకవైపు తోస్తే ఇంకోవైపు పోతుంది. విమానం పరుగెత్తేటప్పుడు తోకను పైకెత్తుతాం. అంటే తిరిగే పంకాను ముందుకు వంచినట్టే. అప్పుడు అది ఎడమకు ఒక గుంజు గుంజుతుంది."

నాలుగు కారణాలు. నాలుగూ ఎడమకే. ఒకటన్నా మనవైపు ఉండకూడదా అని నాకు అనిపించింది.

"మందేంది సారూ దీనికి?" అన్నాడు మామ.

"చాలా సులువండీ. కుడి పెడల్ తొక్కి పట్టాలి."

"మరి పొద్దున మీరు ఏది తొక్కినారు సార్?" అన్నాను.

కెప్టెన్ గారు దూలం వైపు చూశారు. తర్వాత విసుర్రాయి వైపు చూశారు. "ఎడమ," అన్నారు.

అప్పుడు బయటపడింది. ఆయన నేర్చుకున్న ఇంగ్లీషు విమానంలో పంకా దీనికి ఎదురుదిక్కున, ఎడమకు తిరుగుతుంది. కాబట్టి ఆ నాలుగు కారణాలూ అక్కడ కుడికి లాగుతాయి. ఆయన ఏళ్ళ తరబడి ఎడమకాలు తొక్కి తొక్కి దాన్ని తిన్నగా నడిపినవాడు. మద్రాసులో ఖాళీ విమానం మీద నిదానంగా ఆలోచించుకుని తొక్కారు, సరిపోయింది. ఇక్కడ తొట్టి నిండా మందు, ఇరుకు బాట, పూర్తి వేగం, చుట్టూ జనం. ఆలోచించే తీరిక తలకు లేకపోయేసరికి కాలు తనకు తెలిసింది తాను చేసింది.

"అంటే," అన్నాడు మేస్త్రీ నిదానంగా, "అది ఎడమకు పోతానంటాంటే మీరు గూడా సరే పొమ్మన్నారు."

"నేను అనలేదయ్యా. కాలు అంది."

మేస్త్రీ లేచి పోయి ఎడమ టైరుకు గాలి కొట్టడం మొదలుపెట్టాడు. మనిషన్నాక ఒక నమ్మకం ఉండాలి.

కెప్టెన్ గారు అభ్యాసానికి పూనుకున్నారు. నులకమంచం మీద కూర్చుని, ముందు రెండు ఇటుకలు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. నేను ఇంజను మాదిరి నోటితో శబ్దం చెయ్యాలి. ఆయన కుడి ఇటుక తొక్కాలి. ఒక్కసారి కూడా తప్పలేదు. నా గొంతు పోయింది గానీ, మంచం మీద ఆయనంత గొప్ప పైలెట్టు దేశంలో లేడని ఒప్పుకోవాలి.

రెండోరోజు తెల్లవారింది. జనం రెట్టింపయ్యారు. ఈసారి ఆముదం చేను గట్టు మీద ఆసామి పలుపుతాడు పట్టుకుని కూర్చున్నాడు. దాచుకోలేదు కూడా.

ఇంజను అందుకుంది. నా నోటిలోంచి వచ్చిన శబ్దానికీ దీనికీ చాలా తేడా ఉందని కాలికి వెంటనే తెలిసిపోయినట్టుంది. విమానం కదిలిన రెండు క్షణాలకే తోకలో చుక్కాని ఎడమకు తిరగడం నేను కళ్ళారా చూశాను. ఈసారి చేన్లోకి పోలేదు. వేగం అందుకోకముందే గిర్రున తిరిగింది. బాట మధ్యలోనే ఒక చుట్టు చుట్టి, ఎర్రదుమ్ము లేపి, మా వైపు ముక్కు పెట్టి ఆగింది. టెంకాయ కొట్టడానికి వచ్చినాయన టెంకాయతోనే పారిపోయాడు.

"ఏందప్పా ఇది?" అన్నారు ఎవరో. "గానుగెద్దు మాదిరి తిరుగుతాంది!"

"నూనె వస్తాదేమో సూడండి," అన్నాడు గట్టు మీద ఆసామి.

రైతు మామ నవ్వలేదు. ఆయన విమానాన్ని చూడనే లేదు. శెనక్కాయ చేను వైపు చూస్తున్నాడు. నేను గంభీరమైన చోటే నవ్వు వచ్చే రకం. ఆ మొహం చూశాక నాకు కూడా రాలేదు.

అవ్వ వచ్చింది. నేరుగా విమానం దగ్గరికి పోయి, "దిగు నాయనా," అంది. కెప్టెన్ గారు దిగారు. దుమ్ములో ఆయన తెల్లగుడ్డ ఎర్రగుడ్డయింది.

"దిష్టి తగిలిండాది. ఇంతమంది కళ్ళు పడితే లేస్తాదా? తాడు కట్టల్ల."

"నేను ఇలాంటివి నమ్మనండీ, అమ్మా."

"నువ్వు నమ్మే పనిల్యా నాయనా. కాలు నమ్మితే సాలు."

మేస్త్రీ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఏ కాలికి కడతావు అవ్వా?" అన్నాను.

"యాడన్నా అడుగుతారా? మొగోనికి కుడికాలికే."

"సార్," అన్నాను, "కుడికాలట."

కెప్టెన్ గారు చదువుకున్నవాడని ముందే చెప్పాను. ఆయనకు రెండు క్షణాలు పట్టింది. తర్వాత మారుమాట్లాడకుండా కుడికాలి బూటు, మేజోడు విప్పారు.

దిష్టితాడంటే సన్నటి నల్లదారం అనుకునేరు. అవ్వకు సన్నటి వాటి మీద గురి లేదు. మామ ఎద్దు మెడలో గంట కట్టే నల్ల మేకవెంట్రుకల తాడు, వేలు లావుది, విప్పి తెచ్చింది. మడమ పైన రెండు చుట్లు చుట్టి, మోకాలు ఆనించి లాగి ముడివేసింది.

"అమ్మా! నొప్పి! నొప్పండీ!"

"నొప్పి ఉండల్ల. లేకుంటే కాలుండాదని నీకెట్ల తెలుస్తాది?"

ఇంతకంటే మంచి పాఠం ఏ విమాన విద్యాలయంలోనూ చెప్పరు. మూడోసారి కెప్టెన్ గారు సీట్లో కూర్చున్నప్పుడు, నాలుగు కారణాల మాట దేవుడెరుగు, ప్రపంచంలో ఆయనకు తెలిసింది ఆ కుడికాలు ఒక్కటే.

ఇంజను అందుకుంది. విమానం కదిలింది. ఎడమకు ఒరిగింది. ఆసామి లేచి నిలబడ్డాడు. అంతలో చుక్కాని కుడికి తిరిగింది. ముక్కు తిన్నగా అయింది. పరుగు అందుకుంది. తోక పైకి లేచింది. సైకిలు చక్రం సైతాను ఒక గుంజు గుంజింది. చుక్కాని మళ్ళీ కుడికి. చక్రాలు ఒకసారి నేలను తాకి, ఇంకోసారి తాకి, ఇక తాకలేదు. విమానం చింతచెట్ల మీదుగా లేచింది.

జనం వేసిన కేక పులివెందుల బస్టాండులో వినబడి ఉంటుంది. తలపాగాలు గాల్లోకి ఎగిరాయి. విమానం పెద్ద మలుపు తిరిగి, కిందికి దిగి, మామ శెనక్కాయ చేను మీదుగా తెల్లటి దుప్పటి పరిచినట్టు మందు చల్లుకుంటూ పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ చల్లింది. రైతు మామ చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఎప్పుడొచ్చాడో ఆసామి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నారు గాబట్టి మాట్లాడుకోకపోయినా తప్పు కనిపించలేదు.

"బాగానే మేస్తాంది," అన్నాడు ఆసామి. ఈసారి నన్ను చూసి కాదు.

"ఊ," అన్నాడు మామ. ఏళ్ళ తర్వాత వాళ్ళ మధ్య జరిగిన సంభాషణ అంతే. ఊరంతా దాన్ని మర్నాటిదాకా చెప్పుకున్నారు.

విమానం దిగింది. కెప్టెన్ గారు కిందికి దిగి ఒక అడుగు వేసి కూలబడ్డారు. కాలు పూర్తిగా తిమ్మిరెక్కింది. నలుగురు ఎత్తుకుని ఊరేగించారు. ఊరేగింపులో ఎవరి ఘనత వాళ్ళు పంచుకున్నారు. అవ్వ తాడు అంది. కెప్టెన్ గారు చుక్కాని అన్నారు. మేస్త్రీ ఎవరూ వినకపోయినా టైరు అన్నాడు. మూటలు మోసింది నేనే అనడానికి నోరు తెరిచాను గానీ, డప్పుల్లో వినబడలేదు.

ఊరేగింపులో రైతు మామ లేడు. వెతికితే చేన్లో గొంతుకూర్చుని ఉన్నాడు. ఒక శెనక్కాయ కొమ్మ చేతిలోకి తీసుకుని, మీద ఉన్న తెల్లటి మందును చూస్తున్నాడు. ఉఫ్ అని ఊదాడు. అంతా ఎగిరిపోయింది. ఆకు పచ్చగా, శుభ్రంగా మిగిలింది. దాని అడుగున ఒక గొంగళిపురుగు తన పని తాను చేసుకుంటూనే ఉంది.

"అప్పా," అన్నాడు. "ఇది అంటుకోల్యా."

పొడిమందు ఆకుకు అంటుకోవాలంటే ఆకు మీద తెల్లవారుజాము తడి ఉండాలి. మేము గిర్రున తిరిగి, తాడు కట్టించుకుని, చరిత్ర సృష్టించేసరికి ఎండెక్కి ఆకులన్నీ ఆరిపోయాయి. చల్లిన మందులో చాలా భాగం గాలికి సింహాద్రిపురం వైపు పోయింది.

మూడోరోజు పొద్దు పొడవకముందే లేచాం. జనం లేరు. అద్భుతం నిన్ననే చూసేశారు గదా. టెంకాయ లేదు, డప్పు లేదు, పలుపుతాడు లేదు. అవ్వ ముడి ఎవరికీ విప్పరాక కెప్టెన్ గారి కాలికి తాడు అలాగే ఉంది. విమానం తిన్నగా పోయింది, లేచింది, తడి ఆకు మీద మందు చల్లింది, దిగింది. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. మధ్యాహ్నానికి పురుగులు రాలిపోయాయి. ముందే తిన్న ఆ మూల, ఈ రెండు రోజుల్లో పోయిన సాళ్ళు తప్ప మామ శెనక్కాయ నిలబడింది. తర్వాత ఆసామి ఆముదాలకు కూడా చల్లాం. ఆయనే అడిగాడు, మామ ద్వారా.

కుర్రాళ్ళు ఈ కథలోంచి ఏదైనా నేర్చుకోవాలనుకుంటే ఇది రాసుకోండి: పొడిమందు ఎండ రాకముందే చల్లాలి. ఆకు ఆరిపోతే నిలవదు.